పంచదార గోనె

నెల్లిమర్లలో మిల్లు గేటుకి తాళం పడ్డాక
నా చేతులకి చాన్నాళ్లు ఏ పనీ బోధపడలేదు.

ఇప్పుడు జంక్షన్ బేకరీలో, షట్టరు సగం దించి,
దమయంతి నాకు పంచదార పిసకడం నేర్పుతోంది.
దానికి ఇరవైమూడేళ్లు.
"ఫాండెంటు బాబాయ్, పూరీపిండి కాదు,
అంత కోపంగా కుమ్మీకు."

అంటుకుంటే చిటికెడు మొక్కజొన్న పిండి.
ఎక్కువైతే బీటలు,
తక్కువైతే బల్లనే పెళ్లాడుతుంది.
కర్రతో ఒత్తిన ప్రతిసారీ పావువంతు తిప్పాలి.
లేకపోతే కిందెక్కడ అతుక్కుందో
ఎత్తేదాకా చెప్పదు.
మనుషుల్లోనూ ఇలాంటోళ్లని చూశాను.

మొదటిరోజు చిరిగింది.
రెండోరోజు వాన. ఫ్రిజ్‌లోంచి తీయగానే
ఒళ్లంతా చెమట.
మూడోరోజు నిలిచింది గానీ
ఆ తెల్లటి పొర నిండా నా చేతులే.
ఇరవయ్యారేళ్లు నార లాగిన కాయలు,
ఎడం బొటనవేలిని మగ్గం కొరికిన గంటు,
అన్నీ అచ్చుపడ్డాయి.

"అరచెయ్యి కాదు, చేతి అంచుతో నిమురు."
నిమిరాను. మా గుంటడు పుట్టినప్పుడు కూడా
ఇంత భయంగా ముట్టుకోలేదు.
బుడగ లేస్తే గుండుసూదితో ఒక పోటు,
వేలితో ఒక ఓదార్పు.
వెనక చిరిగినచోట పువ్వు పెట్టమంది.
"అన్ని కేకులకీ వెనకో పువ్వుంటది బాబాయ్,
ఎవరికీ చెప్పకు."

శనివారం ఆర్డరు.
స్పిన్నింగులో నా పక్కన నిలబడ్డ తవిటినాయుడు,
మనవరాలికి ఏడాది నిండిందట. గులాబీరంగు ఏనుగు కావాలట.
తొండం నిలవలేదు, పుల్ల గుచ్చి నిలబెట్టాను.
మిగిలిన ముక్కని పరుస్తుంటే ఏం తోచిందో
దానిమీద పల్చటి ప్లాస్టిక్ కాయితం వేసి
ఉతికిన గోనెపట్టా పెట్టి ఒత్తాను.
నిలువు పోగు, అడ్డ పోగు,
అచ్చంగా మా బస్తా.
ఒకప్పుడు ఆ బస్తాల్లోకే కదా పంచదార పోసేవారు.
ఏనుగు కాళ్లకింద పరిచాను.

తవిటినాయుడు డబ్బా మూత తీసి
ఏనుగుని చూడలేదు.
పట్టా అంచుమీద వేలు పెట్టి
"పోగులు లెక్కెట్టేవేటి?" అన్నాడు.
"ఎట్టేను."
"ఒకటి తప్పింది."

డబ్బులిచ్చి, డబ్బాని కాళ్లమధ్య పెట్టుకుని,
స్కూటరు మీంచి రెండు పాదాలూ నేలకి రాస్తూ
గతుకు గతుక్కీ ఆగి ఆగి వెళ్లాడు.