ఇంటికి రెండు వీధుల అవతల

బరంపురంలో రైలు దిగేసరికి పదకొండూ నలభై.
కాళ్ళ కింద ప్లాట్‌ఫారం ఇంకా ఊగుతూనే ఉంది.
మూడు రాత్రుల ఓడ
విశాఖ రేవులో మమ్మల్ని దించేసింది కానీ
నా మోకాళ్ళలోంచి తను దిగలేదు.

హేమసుందరి, నా తోడికోడలు,
చక్రాల పెట్టె మీద కూలబడి అంది:
"ఇప్పుడింటికెళ్తే
తలుపు తియ్యగానే మినప్పిండి డబ్బా కనిపిస్తాది.
ఒక్క రాత్రి ఆగుదామేటి, అక్కా?"

వెళ్ళేటప్పుడు విశాఖలో హోటలు వెతికాం,
రేవుకి దగ్గరేనా, వేణ్ణీళ్ళొస్తాయా,
పొద్దున్నే ఇడ్లీ పెడతారా అని.
ఓడ ఎక్కేవాళ్ళకి అందరూ చెప్తారు
ముందు రాత్రి ఎక్కడ పడుకోవాలో.
దిగినవాళ్ళ సంగతి ఎవరికీ పట్టదు,
నీళ్ళకి అలవాటు పడ్డ ఒంటిని
ఏ మంచం మీద మెల్లగా నేలకి దించాలో.

స్టేషన్ రోడ్డులో మొదటి లాడ్జి.
మెట్ల నిండా ఫినాయిలు వాసన.
కుర్రాడు ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పాడు.
"బరంపురమే కదా. లోకల్ వాళ్ళకి రూమివ్వం."
రెండో చోట అద్దాల తలుపు, చేపల తొట్టె,
తొట్టెలో ఒకటే చేప, అదీ నిద్రలో.
అక్కడా అదే మాట, కాస్త మర్యాదగా, ఒడియాలో.

నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో అప్పడాలమ్ముతున్నాను.
నోరు విప్పితే చాలు,
"తెలుగువాళ్ళా? మీదే ఊరు?" అంటారు.
నేనీ ఊరిదాన్నేనని ఒప్పుకున్నది
తలుపేసిన ఈ ఇద్దరే.

మూడోది గేట్ బజారు మలుపులో.
బోర్డు మీద రెండక్షరాలు వెలగవు.
చెవిలో దూది పెట్టుకున్న ముసలి మేనేజరు
రిజిస్టరు మూసే ఉంచి అడిగాడు,
"మావుసీ, ఇల్లిక్కడే ఉండగా ఇదెందుకు?"
హేమసుందరి అబద్ధం అల్లుతోంది,
తాళంచెవి పోయిందనో ఏదో.
నేను బల్ల పట్టుకున్నాను. నిజంగానే తూలాను.
"ఓడ దిగాం బాబూ."
ఆయన నా వేళ్ళకేసి చూశాడు.
గోపాలపురంలో పడవల మధ్య పుట్టాడట.
ఇంకేమీ అడగలేదు.
'ఎక్కడి నుంచి' అన్న గడిలో
సముద్రం అని తనే రాసుకున్నాడు.
'ఎక్కడికి' అన్నది వదిలేశాడు.

మూడో అంతస్తు. ఫ్యాను కిర్రుమంటోంది.
గోడకి జగన్నాథుడి కేలండరు, పోయినేడాదిది.
ఓడలో మా గదికి కిటికీ లేదు, చవకది కదా.
దీనికుంది.
మంచం ఊగింది. ఊగనిచ్చాం.
చీకట్లో హేమసుందరి అడిగింది,
"అక్కా, ఆ రాత్రి డెక్కు మీద
ఏడ్చావా, నవ్వావా నువ్వు?"
"గాలి గట్టిగా కొట్టింది" అన్నాను.

పొద్దెక్కాక కిటికీ తీస్తే
మా డాబా.
పైనుంచి ఎన్నడూ చూసింది కాదు.
నీళ్ళ డ్రమ్ము, కాలు విరిగిన బల్ల,
పోయేముందు తీయడం మర్చిపోయిన నా తువ్వాలు.
మా ఆయన లుంగీ ఎగ్గట్టి
అప్పడాలు పరుస్తున్నాడు
ఒకదాని మీదొకటి, దుర్మార్గంగా.

ఫోను చేశాను.
అక్కడ ఆయన నడుం నిమురుకుని,
చొక్కా జేబు తడుముకుని,
తలకిందులుగా పెట్టుకున్నాడు చెవికి.
"రైలు లేటా?"
"ఊఁ."
"ఎండ తిరక్కముందే వచ్చెయ్. ఇవి నావల్ల కావట్లేదు."
స్టేషను వైపు తిరిగి మాట్లాడుతున్నాడు
నేనక్కణ్ణించి నడిచొస్తున్నట్టు.
"కాస్త ఎడమెడంగా పరవండి."

చెయ్యి ఆగిపోయింది ఆయనకి.
అప్పడం పట్టుకునే
ముందు చాప చూశాడు,
తర్వాత ఆకాశం.

కిటికీ రెక్క కొంచెం దగ్గరకి లాగాను.
వెనక నుంచి హేమసుందరి
ఇంకో రెండు టీలు చెప్పింది.