పదో కాపు

కగ్గదాసపుర, నాలుగో అంతస్తు.
బట్టలుతికే చోట వాషింగ్ మెషీన్ని గోడకి నొక్కి
ముప్పై లీటర్ల డేగిసాకి చోటు చేశాను.
వారానికి ఆరు రోజులు పీణ్యలో బోల్టులకి ధర కడతాను,
గీత గీసి, కింద సంతకం పెడతాను.
ఏడో రోజు లెక్క నా సొంతం.

మాల్టు ఐదు కిలోలు, తొమ్మిది వందల యాభై.
హాప్సు, కుంకుమపువ్వులా పిసినారిగా వేసినా, ఆరు వందలు.
ఈస్టు పొట్లం నాలుగు వందల యాభై.
మా అమ్మ ఇడ్లీ పిండికి ఈ పని చేసినందుకు
ఎవరికీ పైసా ఇచ్చి ఎరగదు,
రాత్రి గాలే వచ్చి పులియబెట్టి పోయేది.
గ్యాసు ఎనభై. నీళ్ల క్యాన్లు మూడు, నూట ఇరవై.
వెరసి రెండు వేల రెండు వందలు,
ఇరవై లీటర్లు.

ఇందిరానగర్ వాడి కెగ్గూ ఇరవై లీటర్లే.
ఏడు వేల ఆరు వందలు, మీద డిపాజిట్టు.
పోయినసారి సొట్ట పడిందని ఐదు వందలు కోసుకున్నాడు.
సొట్ట వాడి ఆటోలోనే పడింది,
నిరూపించలేను.

రెండంకెలూ పక్కపక్కన రాసి ఓబులేశుకి చూపించా.
"మూడో వంతైనా కాలేదే నీది!" అని పొంగిపోయాడు, నురగలా.
తాగేవాళ్లు పైలెక్కే చూస్తారు.
నేను కాగితం తిప్పి వెనక రాశాను:

డేగిసా, రాగి చుట్ట, రెండు ఫెర్మెంటర్లు,
కమ్మనహళ్లిలో కొన్న పాత ఫ్రిజ్జు,
దాన్ని మోసిన ఇద్దరు
(లిఫ్టు లేదని వాళ్లకి ముందు చెప్పలేదు,
చెప్పనందుకు ఇంకో మూడు వందలు),
ఒకటి పగిలి, రెండోది పగిలి, మూడోది మిగిలిన హైడ్రోమీటరు.
ముప్పై ఎనిమిది వేల నాలుగు వందలు.
ఏప్రిల్లో కరెంటు పోయి ఒక కాపు,
నేను గొట్టం సరిగ్గా కడగక ఒక కాపు,
రెండూ మోరీ తాగింది.
నలభై రెండు వేల ఎనిమిది వందలు.

భాగించాను.
ఎనిమిది మంచి కాపులు దిగాలి.
చెడ్డ రెండూ కలుపుకుంటే పదో కాపుకి గానీ
నేను ఆ ఇందిరానగర్ వాడితో సమానం కాను.
ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు
బీరు కాచి చూడమని ఎందుకు అనలేదో!

ఆదివారాలకి ధర వెయ్యలేదు.
నా గంట ఖరీదెంతో నాకు తెలుసు,
అందుకే.

వాసన పట్టుకుని ఇంటి ఓనరు తిప్పేస్వామి గారు మెట్లెక్కి వచ్చారు.
"ఏనమ్మా ఇదు?"
"రాగి అంబలి, సార్."
ఆయన డేగిసాలోకి వంగి చూశారు. చాలాసేపు చూశారు.
"చళ్లకెరెలో మా తాత కూడా ఇట్లాంటి అంబలే కాచేవాడు.
పోలీసులు పట్టుకోను వచ్చి, తాగి పోయినారు."
రెండు వారాలాగి మళ్లీ వచ్చారు,
చేతిలో సొంత చెంబు.

ఆ చెంబుని ఏ పద్దులో రాయాలి?
మొదట తరుగు అని రాశాను.
తర్వాత కొట్టేసి అద్దె అని రాశాను.
ఈ ఏడు ఆయన అద్దె పెంచలేదు మరి.
ఐదు శాతం, పన్నెండు నెలలు...
వద్దు. అది లెక్కలోకొస్తే
ఓబులేశే గెలుస్తాడు.

ఇప్పుడు నడిచేది ఆరో కాపు.
నిన్న ఎస్పీ రోడ్డులో ఒక కొత్త ఫెర్మెంటరు చూశాను,
అడుగు సన్నంగా, గరాటులా, కింద స్టీలు కుళాయి.
పదకొండు వేలట.
కొంటే పదోది కాస్తా పన్నెండోదవుతుంది,
షాపులో నిలబడే నోటితో కట్టేశాను.
ధర అడిగానంతే.
అడిగితే డబ్బులు పోవు కదా.

అర్ధరాత్రి వంటింట్లో దీపం వెయ్యకుండా నిలబడతాను.
ఎయిర్‌లాక్ బుడుంగుమంటుంది.
ఆగుతుంది. మళ్లీ బుడుంగు.
నిమిషానికి పదకొండు. మొన్న ఇరవై రెండు.
ఇంత వాయువు ఊరికే పోతోంది,
దానికీ ఒక గడి గియ్యాలేమో.

మెట్ల మీద చెప్పుల చప్పుడు.
ఇంకా నాలుగు రోజులుంది, సార్.