డాలరు గుర్తు కొట్టకండి

మూడేళ్ల కిందట ఈ ప్రోగ్రాం రాసినప్పుడు
వాడే పద్ధతి ఒక్క వరుసలో ముగించాను:
"డౌన్‌లోడ్ చేసి, ఇన్‌స్టాల్ చేసి, నడపండి. అంతే."

ఆ "అంతే" దగ్గర
ఎంతమంది వెనక్కి తిరిగిపోయారో
ఏ లెక్కలోనూ పడలేదు.

కగ్గదాసపుర రైల్వే గేటు పక్క జిరాక్సు కొట్టు.
ఆదివారం. షట్టరు సగం దించి
మెహతాబ్ నా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.
మదనపల్లె నుంచి వచ్చి రెండేళ్లు.
వీధిబడిలో పిల్లలు పట్టుకెళ్లే పుస్తకాల లెక్క
తను రాస్తానని ఒప్పుకుంది.
షరతు ఒకటే, నేను నోరు విప్పకూడదు.

మొదటి వరుసలోనే ఆగింది.
"ఈ డాలరు గుర్తు గూడా కొట్టల్లా?"

పదకొండేళ్లుగా దాన్ని చూడకుండా చూస్తున్నాను.
గడప మీది ఇంటి నంబరు లాంటిది,
ఎవరూ లోపలికి మోసుకెళ్లరు.
కానీ ఆ మాట గడప మీద రాసి లేదు కదా.

"మీ పేరు ఇక్కడ" అన్నచోట
మీ పేరు ఇక్కడ అనే కొట్టింది.
నా నాలుక పళ్ల మధ్య ఉంది.

పాస్‌వర్డ్ అక్షరాలు తెర మీద పడలేదు.
మూడుసార్లు కీబోర్డు తట్టింది.
తర్వాత దాన్ని వదిలేసి
తన వేళ్ల వంక చూసుకుంది,
రోజుకు వెయ్యి కాయితాలు తిప్పే వేళ్లు.

ఈ ఊరొచ్చిన తొలి రాత్రి ఫోనులో ఒకాయన
"సెవెంత్ క్రాస్ తిరగండి, ఎదురుగానే" అన్నాడు.
ఆ లేఅవుట్లో సెవెంత్ క్రాసులు మూడు.
పరుపుచుట్ట నెత్తిన పెట్టుకుని
వానలో మూడూ తిరిగాను.
ఆయనకు తెలిసింది ఒక్కటే, తన ఇల్లున్నది.
నేనూ అంతే.

ఆరు చోట్ల "సులభంగా" కొట్టేశాను.
"మీకు తెలిసే ఉంటుంది" కొట్టేశాను.
ఇది చేర్చాను:
"ఇక్కడ మీరు టైపు చేసేది కనపడదు.
కీబోర్డు బాగానే ఉంది. మీరూ బాగానే ఉన్నారు.
చివర ఎంటర్ నొక్కండి."

నాలుగో మెట్టులో గీత కదలదు, ఏడెనిమిది నిమిషాలు.
అక్కడేం రాయాలా అని నేను తడుముకుంటుంటే
ల్యాప్‌టాప్ తనవైపు లాక్కుంది:

"ఈడ శానా సేపు పడతాది.
చెడిపోయిందని మూసేయొద్దండి.
టీ తాగి రాండి."

దిద్దబోయి
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

మార్పు చేసినవారి పేరు అడిగింది యంత్రం.
ఈసారి తన పేరే,
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ.

షట్టరు కింద రెండు చెప్పుల జతలు.
"అక్కా, ఆధార్ జెరాక్స్ ఆగుత్తా?"

"ఎరడు నిమిష," అంది
తెర మీంచి కళ్లు తీయకుండా.