చాపెల్ చిట్టా

వీధికి ముఖం చూపించని కట్టడం ఇది.
చెప్పుల దుకాణానికీ పందేల షాపుకీ మధ్య
భుజం పక్కకి తిప్పితే తప్ప పట్టని సందు,
దాని చివర ఇటుక గోడ, పచ్చ తలుపు.
కట్టిననాడు దాక్కోవడమే దీని వాస్తు.

దేవుడు ముగ్గురు కాదు, ఒక్కడే అన్నందుకు
చట్టం వీళ్ళకి నీడ ఇవ్వని రోజులు.
అయినా లెక్కల్లో గట్టివాళ్ళు.
ఇనప్పెట్టెలో చిట్టా పుస్తకాలు ఏడు.
శనివారాలు నేనూ, కోశాధికారి డిలిస్ ఆర్మిటేజ్ గారూ
చేతులు కడుక్కుని తెరుస్తాం.

మొదటి పుటలో కొవ్వొత్తులు, సున్నం,
గడియారం బాగుచేసినవాడికి బీరు.
ప్రసంగ వేదికకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది ఆ గడియారం.
దేవుడికి అంతం లేదు గానీ
ఉపదేశానికి ఉండాలి కదా.

తర్వాత ఓ జూలై:
"కిటికీ అద్దాలు, పదకొండు."
అంతే. పగలగొట్టిందెవరో లేదు,
కేకలు లేవు, కాగడాలు లేవు.
గుమాస్తా జెడెడయా ఫర్త్ చేతిరాత
ముందు పుట కన్నా కాస్త పెద్దదయింది,
వణకలేదు.

ఇంకోచోట "చక్కెర" అన్న మాట కొట్టేసి ఉంది.
టీ కాచే ఆడవాళ్ళు కొట్టించారు,
బానిసల చెమట కలిసిన తీపి వద్దని.
అదే ఏడు, అదే సిరాతో,
కొత్త ఆర్గన్‌కి నూరు పౌండ్లు.
దాత, పత్తి వ్యాపారి.
ఆ పత్తి ఏరిన వేళ్ళెవరివో
ఏ గడిలోనూ రాయలేదు.
డిలిస్ గారు ఆ పుటని త్వరగా తిప్పరు.
నన్నూ తిప్పనివ్వరు.

యుద్ధంలో పైకప్పు పోయింది.
"టార్పాలిన్, అరువు. బకెట్లు, పద్నాలుగు."
అంచున ఎవరో పెన్సిలుతో ఆ ఆదివారం హాజరు:
ముప్పై ఒక్కరు, గొడుగులతో.

ఇప్పుడు మేం తొమ్మిదిమందిమి.
బాయిలర్ బాగుచేసేవాడు అడిగిన మొత్తం విన్నాక
కోట్లు విప్పకుండానే కూర్చుంటున్నాం.
దేవుడి సంగతి నాకింకా తేలలేదు.
ముగ్గురో, ఒక్కడో, అసలు సున్నాయో.
ఏమని రాసుకోమంటారని ఒకసారి డిలిస్ గారినే అడిగాను.
"పెన్సిలుతో రాసుకో" అన్నారావిడ,
కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఈ వారం చిట్టా నా వంతు.
తేదీ వేసి, రూళ్ళకర్ర ఆనించి,
ఇంకుతోనే రాశాను:
కొవ్వొత్తి, ఒకటి.

అగ్గిపెట్టె నా జేబులోది.
రాయలేదు.