పదమూడు చుట్లు ఎక్కువ

క్లిఫర్డ్ వ్రాగ్ తన ఆంప్లిఫయర్ని
బొగ్గు బస్తాలా భుజాన వేసుకొచ్చాడు.
రోథరమ్‌లో ఆ సాయంత్రం వాన
పడడం మానేసి ఊరికే గాలిలో నిలబడి ఉంది.
"పొగొచ్చింది, అమ్మాయీ" అన్నాడు. అంతే.

వెనక చెక్క విప్పకముందే తెలిసింది నాకు.
కాలిన వార్నిషు వాసన ఏ దేశంలోనైనా ఒకటే.
నరసరావుపేటలో మా మేనమామ వైండింగ్ షాపుకి
లో వోల్టేజీకి కాలిన మోటార్లన్నీ
ఈ వాసనతోనే దిగేవి,
వెనకాల కరెంటోళ్ళని తిడుతూ రైతులు.

వాల్వులు నాలుగూ బాగున్నాయి.
పెద్ద ట్రాన్స్‌ఫార్మరూ బాగుంది, కరెంటు తగలగానే జుమ్మంది.
పోయింది చిన్నది.
వాల్వులకీ స్పీకరుకీ నడుమ కూర్చునే ఇనప మధ్యవర్తి.
అటు వందల వోల్టులు, ప్రవాహం పిసరంత.
ఇటు స్పీకరుకి అన్ని వోల్టులు అక్కర్లేదు, తోసే బలం కావాలి.
రెండు తీగలూ ఒకదాన్నొకటి ముట్టుకోవు,
మధ్య కాగితం పొర.
ముట్టుకోకుండానే ఇచ్చిపుచ్చుకుంటాయి.
ముట్టుకున్న రోజు పొగొస్తుంది.

"స్పీకరు వైరు పెట్టకుండా వాయించావా?"
బూట్ల వంక చూసుకున్నాడు.
క్లబ్బులో చీకటి. పెట్టాననే అనుకున్నాడు.
అందుకునే స్పీకరు లేకపోతే
తీగలో పుట్టిన మోత ఎక్కడికీ పోదు,
వెనక్కి తిరిగి తన కాగితాన్నే కొరుకుతుంది.

కొత్తది తెప్పించొచ్చు. గురువారానికి పార్సెల్లో వస్తుంది.
"దీని గొంతే కావాలి" అన్నాడు.

రేడియో కట్టేశాను. ఫోను సొరుగులో పడేశాను.
లెక్కలో ఉన్నప్పుడు చావు కబురొచ్చినా
మా మామ వంద పూర్తయ్యాకే తలెత్తేవాడు.
ఇనప రేకులు ఒక్కొక్కటే ఊడదీశాను.
తేనెరంగు మైనం గోళ్ళ కింద చేరింది.
వెంట్రుకంత రాగి తీగ కొస పట్టుకుని
ఎవరో చుట్టిన దారిలో వెనక్కి నడిచాను.

ఒక సగం పదకొండు వందల ఇరవై.
రెండో సగం పదకొండు వందల ముప్ఫై మూడు.
గీతలు మళ్ళీ కూడాను.
పదమూడు ఎక్కువే.

ఆ సగంలో, మొదలు నుంచి ఆరువందల ఇరవై ఐదో చుట్టు దగ్గర
తీగకి ఒక అతుకు.
ఆవగింజంత సీసం, దాని మీద మడిచిన కాగితం,
కాగితం మీద పెన్సిలుతో
612?

పేరు లేదు, తేదీ లేదు.
తీగ తెగి ఉంటుంది. చక్రం ఆగేలోపు లెక్క జారి ఉంటుంది.
వెనకాల మేస్త్రీ నిలబడ్డాడో,
టీ గంట కొట్టారో,
ఆమె (ఆమే అని ఎందుకనుకున్నానో,
ఆ ప్రశ్న గుర్తు తోక అంత పొందికగా ఉంది)
అతికించి, నమ్మకం లేకుండానే ముందుకి చుట్టింది.
ఎవరిని అడిగింది ఆ ప్రశ్న?
ఇన్నేళ్ళూ ఎవరూ విప్పలేదు.

తప్పు దిద్దడమే నా పని.
కానీ ఒక కాలు పొడుగైన మనిషి నడకలా
ఒక సగం బరువైతే
స్వరం కాస్త ఒరిగి నిలబడుతుంది.
యాభై ఏళ్ళుగా క్లిఫర్డ్ గొంతు అంటున్నది ఆ ఒరుగే కావచ్చు.
పదమూడు చుట్లకి అంత సీను లేదంటుంది నా మీటరు.
మీటరు పాపం ఏ క్లబ్బులోనూ వాయించలేదు.

మూడు రాత్రులు చుట్టాను.
నా తీగ తెగలేదు, అయినా
ఆరువందల ఇరవై ఐదు దగ్గర ఆగాను.
చిన్న కాగితం మడిచి, పెన్సిలుతో
625
అని రాసి, పక్కన చుక్క పెట్టి
దాని మీదుగా చుట్టుకుంటూ పోయాను.

శనివారం వచ్చాడు. స్పీకరు వైరు రెండుసార్లు లాగి చూశాడు.
లావు తీగ ఒక్కటి మీటాడు.
అలమరలో స్క్రూల డబ్బా గలగలమంది.
"ఊఁ" అన్నాడు.
కాసేపాగి మళ్ళీ, "ఊఁ."

బిల్లులో తీగ, కాగితం, వార్నిషు రాశాను.
అతుకు సంగతి చెబుదామనుకున్నాను,
అప్పటికే బస్తా భుజానికెత్తాడు.