అరికాలి అద్దం

మూడో అంతస్తు, పట్టు విభాగం.
నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట బేరాలన్నీ నావే.
మెట్ల మీద తెలుగు వినపడగానే సెల్వి కేకేస్తుంది,
"దశరథణ్ణా, మీ వాళ్లొచ్చారు!"

ఇరవై రెండేళ్లుగా
పెళ్లికూతురి కంటే ముందు పెళ్లిచీర
నా భుజమ్మీదే పడుతుంది.
నాలుగు కుచ్చిళ్లు వేళ్ల మధ్య పట్టి
కొంగు ఎడమచేతి మీదుగా జార్చి
నిలువుటద్దం ముందు ఒక్కసారి తిరిగానంటే
బేరం సగం అయిపోయినట్టే.
సిగ్గెందుకు? ఆ కాసేపూ నేను నేను కాదు,
వంకాయ రంగుకి మామిడిపిందెల అంచుని.

రెండేళ్ల కిందట
చీర కింద ఒక మనిషి కనపడటం మొదలైంది.
మెడ కింది ఎముకలు పైకొచ్చాయి.
జరీ భుజాన నిలవడం లేదు.
గంజి పోయిన నేతచీరలా వాలిపోయాడు, ఎవరోగానీ.

పాత బేరం ఒకావిడ,
"ఏమయ్యా, సగమైపోయావు, షుగరా?" అంది,
చీర ధర అడిగినంత మామూలుగా.
"లేదమ్మా, డైటింగు" అన్నాను.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఆమెకి మూడు చీరలు అమ్మాను.
క్యారేజీ మాత్రం విప్పలేదు ఆ పూట.

సూది స్టాకు గదిలో,
విప్పని బేళ్ల మధ్య,
చొక్కా అంచు పళ్లతో పట్టుకుని.
పోగు ఎక్కడ తెగిందో కళ్లు మూసుకుని తడిమి చెప్తాను.
నా పొట్ట మీది గడ్డల్ని, నీలం మచ్చల్ని
వేలితో ఏనాడూ తాకలేదు,
సూదితోనే తాకుతాను.

ఇంట్లో ముందు లైటు ఆర్పి, తర్వాత చొక్కా విప్పుతాను.
కనకవల్లి ఏమీ అనదు.
తెల్లారేసరికి ప్యాంటు నడుం మాత్రం
ఇంకో అంగుళం లోపలికి కుట్టి ఉంటుంది.

ఆడి తగ్గింపు రోజులు.
కింద రంగనాథన్ వీధి ఉడుకుతోంది.
తెల్లదుప్పటి మీద వట్టికాళ్లతో తిరుగుతున్నాను.
ఒక పిల్ల అంది,
"అమ్మా, ఈ తాత నడిస్తే బుటాలు పడుతున్నాయి!"

వెనక్కి చూశాను.
ఎర్రటి బుటాలు, వరసగా, నా అడుగంత ఎడంగా.
చీర గుండుసూది తల దాకా దిగి ఉంది.
ఎప్పుడు దిగిందో తెలీదు.
జేబులో తాళంచెవి కోసం తడుముకున్నట్టు
నొప్పి కోసం వెతుక్కున్నాను. లేదు.
మేనేజరు మొదట చూసింది చీరల్ని.
తప్పు పట్టను, నేనూ ముందు వాటినే చూశాను.

డాక్టరమ్మ కట్టు కట్టి,
"అరికాళ్లు రోజూ చూసుకోండి, అద్దం పెట్టుకుని" అంది.
పెన్ను మూసి అడిగింది,
"మనసెలా ఉంటోంది?"
ఆ రకం సరుకు ఎవరూ అడగలేదు ఇంతవరకూ.
"లోపల స్టాకు చూసి చెప్తాను మేడమ్" అన్నాను.
ఆవిడ నవ్వలేదు.
ఊరికే ఆగింది.
గోడ మీది మూత్రపిండాల బొమ్మ
చాలాసేపు మసకగా కనపడింది.

ఇప్పుడు రాత్రి పది దాటాక
మాంబళం రైళ్లకి కిటికీ ఊచలు వణుకుతుంటే
కనకవల్లి బొట్టు పెట్టుకునే అద్దం తెస్తుంది.
లైటు ఆర్పకూడదు, అది షరతు.
"ఎడమది" అంటుంది. ఇస్తాను.
కంచి నేతా కాదా అని అనుమానపడే బేరంలా
వేళ్ల సందులన్నీ వెతుకుతుంది.

మొన్న నేనే చూసుకున్నాను.
యాభై ఒక్కేళ్లుగా మోస్తున్న ముఖం అది,
ఒక్కసారీ పలకరించలేదు.
పగుళ్లు, మానిన గాటు, మడమ మీద పసుప్పచ్చటి కాయ.
అందంగా ఏమీ లేదు.
అమ్మకానికి కాదు కదా.

చొక్కా ఇంకా విప్పలేదు.
పై గుండీ ఒకటి తీశాను,
ఉక్కగా ఉందని.