మీద

బ్రాడీపేట నాలుగో లైన్లో
జిరాక్స్ షాపు పైన గది.
ఏడింటి నించి ఎనిమిదిన్నర దాకా ఇంగ్లీషు.
నాకంటే ముందే ఘాటు వచ్చి కూర్చుంటుంది,
మిర్చి యార్డు నించి నేరుగా వచ్చేవాళ్ళు ముగ్గురు.
మొదటి పది నిమిషాలూ
క్లాసంతా తుమ్ములే.

ఇవాళ హ్యావ్.
నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాను:
ఐ, వుయ్, యూ, దే అయితే హ్యావ్,
హీ, షీ, ఇట్ అయితే హ్యాజ్,
గడిచిపోతే అందరికీ హ్యాడే,
పోయాక అంతా సమానమే గదా అని
ప్రతి బ్యాచ్‌కీ వేసే జోకు వేశాను.
ప్రతి బ్యాచ్ నవ్వినట్టే నవ్వారు.

అర్థం: కలిగి ఉండుట.
బోర్డు మీద ఇంకా తడి బట్ట మరకలు ఆరలేదు,
మస్తాన్‌బీ చెయ్యెత్తింది.
కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే మనిషి.
బయ్యర్లతో నాలుగు ముక్కలు మాట్లాడగలిగితే
సూపర్‌వైజర్ని చేస్తామన్నారట.
"కలిగి ఉండుట అని ఎవరంటారు సార్?"

నిజమే.
మా తమ్ముణ్ణి నేనెప్పుడూ కలిగి ఉండలేదు.
వాడు ఉన్నాడు, నాకు,
అంతే.

"సరే, మీకేమేం ఉన్నాయో చెప్పండి" అన్నాను.
ఆమె వేళ్ళు మడిచింది.
మంట తగ్గడానికి రాసుకున్న కొబ్బరినూనె
ట్యూబులైటు కింద మెరిసింది.
"నాకు ఇద్దరు చెల్లెళ్ళున్నారు.
నా దగ్గర నూట నలభై రూపాయలున్నాయి.
నా ఒంట్లో షుగరుంది.
నా చేతిలో పనుంది, గురువారం దాకా.
నా మీద డ్వాక్రా అప్పుంది."

రాసుకుంటూ పోయాను.
ఐ హ్యావ్, ఐ హ్యావ్, ఐ హ్యావ్,
ఐ హ్యావ్, ఐ హ్యావ్.
కిందికి వచ్చేసరికి చాక్‌పీసు ఆగిపోయింది.
నాకులో 'కు' లేదు.
దగ్గర లేదు, లోపల లేదు.
మీద కూడా పోయింది.
ఆమె భుజం దిగిన అప్పు
చెల్లెళ్ళ పక్కన
ఆస్తిలా నిలబడి ఉంది.

"అట్టా ఎట్టా సార్?" అందామె.
"మోసేది ఎక్కడుందో చెప్పొద్దా?
మా ఇంట్లో ఉర్దూలో కూడా అది మీదే ఉంటది."

ఇంగ్లీషంతే, అన్నాను.
జవాబు తెలియని ప్రతిసారీ
నేననే మాట అది.

కింద నించి టీ వచ్చింది.
"హ్యావ్ టీ సార్" అన్నాడు ఏసుపాదం, లారీ ఆఫీసు గుమాస్తా,
గ్లాసు నా చేతిలో పెడుతూ.
హ్యావ్ అంటే తాగుట కూడానా అని
వెనక బెంచీలో గొడవ.
జ్వరం హ్యావ్, స్నానం హ్యావ్, భోజనం హ్యావ్.
శంకర్‌విలాస్ వైపు నించి హారన్లు.
నేను గడియారం చూసి
హ్యావ్ టు లోకి దూకాను.

ఐ హ్యావ్ టు పే.
నేను కట్టాలి.
"ఇందులో ఉంది అనేది ఏది సార్?" ఏసుపాదం.
లేదు, అనబోయాను.
"ఉంది" అంది మస్తాన్‌బీ.
"మా గ్రూపు లీడరు ఎప్పుడూ అంటదిగా,
ఇంకా తొమ్మిది వేలు
కట్టాల్సి ఉంది అని."

కట్టాల్సి ఉంది.
గది నిశ్శబ్దమయింది,
ఒకళ్ళు తుమ్మేదాకా.
తమ్ముడి దగ్గర కలవలేదు, డబ్బు దగ్గర కలవలేదు,
తప్పని చోటికి వచ్చేసరికి మాత్రం
రెండు భాషలూ
ఒకే గుమ్మంలో చెప్పులు విడిచాయి.

రాత్రి హోంవర్కు పుస్తకాలు.
నూనె వేళ్ళు తగిలి
కాగితం అక్కడక్కడా అద్దమయింది.
ఐ హ్యావ్ టూ సిస్టర్స్. కరెక్టు.
ఐ హ్యావ్ షుగర్. కరెక్టే,
డాక్టరు దగ్గరైతే.
ఐ హ్యావ్ లోన్ ఆన్ మీ.

ఎర్ర పెన్ను తీశాను.
బయ్యరు నవ్వుతాడు.
సూపర్‌వైజరు ఉద్యోగం, నెలకి రెండు వేలు ఎక్కువ.
ఆన్ మీ కొట్టేశాను.
గీత పల్చగానే పడింది,
కింద మాట చదవడానికొస్తుంది.

కొట్టేసింది మాటనే.
వాయిదా సోమవారం.